అమ్మానాన్నల ఆస్తి, ఆసరా – 3వ పాఠం: ఇల్లు పిల్లల పేర రాసే ముందు

క్రితం పాఠంలో బ్యాంకు ఖాతాలు, నామినీల సంగతి చూశాం. ఈ పాఠానికి రెండు కాగితాలు చేతిలో ఉండాలి: అమ్మానాన్నలు ఉంటున్న ఇంటి దస్తావేజు, తాజా ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే ధ్రువపత్రం). అసలు దస్తావేజు కనబడకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. ఈ పాఠం హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాలకు రాసింది. ముస్లిం కుటుంబాలలో వీలునామా, హిబా (దానం) నియమాలు వేరు.

ముందుగా ఆస్తి ఎలా వచ్చిందో చూడండి. నాన్న సొంత సంపాదనతో కొన్నదైతే ఎవరికి రాసినా ఆయన ఇష్టం. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే కొడుకులతో పాటు కూతుళ్ళకూ అందులో వాటా ఉంటుంది కాబట్టి, మొత్తాన్ని ఆయన ఒక్కరే రాసివ్వలేరు. ఇది తేల్చుకోకుండా రాసిన దస్తావేజులు చివరికి కోర్టుకే చేరతాయి.

ఇక అసలు ప్రశ్న: వీలునామానా, సెటిల్‌మెంటా (బతికుండగానే ఇంటివాళ్ళకు ఆస్తి రాసిచ్చే దస్తావేజు)? వీలునామా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బతికి ఉన్నంతకాలం ఆస్తి రాసినవారిదే. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ళ చేతా సంతకాలు పెట్టిస్తే చాలు. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించడం మంచిది. ఆస్తి పొందేవాళ్ళను సాక్షులుగా పెట్టకండి.

సెటిల్‌మెంట్ అలా కాదు. రిజిస్టరైన రోజునే హక్కు చేయి మారుతుంది. మనసు మారిందని తల్లో తండ్రో ఒక్కరే వెళ్ళి రద్దు చేసుకోలేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 126 ఆ దారిని మూసేసింది. పిల్లలు మంచివాళ్ళే అయినా ప్రమాదం ఉంటుంది. కొడుకు ఎవరికో హామీ సంతకం పెడితే, ఆ అప్పుకు ఈ ఇల్లు జప్తు కావచ్చు. పెళ్ళయిన కొడుకు వీలునామా లేకుండా తల్లిదండ్రుల కంటే ముందే చనిపోతే, ఇల్లు అతని భార్యకు, పిల్లలకు, తల్లికి సమంగా వెళుతుంది. తండ్రి మొదటి తరగతి వారసుడు (అందరికంటే ముందు వాటా వచ్చేవాడు) కాడు. అంటే ఆ ఇల్లు రాసిచ్చిన తండ్రికే దానిలో వాటా రాదు.

అందుకే మేము మొదట చెప్పేది వీలునామా. అన్నదమ్ముల మధ్య తగవు రాకుండా ఇప్పుడే తేల్చేయాలనో, మరో గట్టి కారణంతోనో సెటిల్‌మెంటే రాస్తామంటే, దస్తావేజులో ఏముండాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

మన దస్తావేజు లేఖరులు అలవాటుగా రాసే వాక్యం ‘మీ యందు గల ప్రేమాభిమానములచేత’. అది ఒక్కటే ఉంటే పెద్దవాళ్ళకు రక్షణ లేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం సెక్షన్ 23 ప్రకారం, పోషిస్తామన్న షరతు మీద ఆస్తి తీసుకుని పోషించకపోతే ట్రిబ్యునల్ (ఈ చట్టం కింద అర్జీలు వినే అధికార మండలి) ఆ బదిలీని చెల్లదని ప్రకటించవచ్చు. ఆ షరతు ఉన్నట్టు చూపాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, కొడుకు విడిగా రాసిచ్చిన హామీపత్రాన్ని కూడా దానపత్రంతో కలిపి చదివి, ఇల్లు ఆమెకు తిరిగి ఇప్పించింది. విడి కాగితం పనికొస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. అయినా షరతు దస్తావేజులోనే ఉండాలని మేము గట్టిగా చెబుతాం. విడి కాగితం సంగతి తెలియకుండా డబ్బిచ్చి ఇల్లు కొన్నవారి మీద పోషణ హక్కు అడగలేం. దస్తావేజులో ఉంటే కొనేవాడు చదివే కొంటాడు, తెలియదనలేడు.

వాక్యం ఇలా ఉండవచ్చు: ‘ఈ ఆస్తిని ఈ దిగువ షరతులకు లోబడి మీకు దఖలు పరచుచున్నాను. మా జీవితాంతము మాకు తిండి, బట్ట, నివాసము, వైద్యము మీరు సమకూర్చవలెను. అందులో విఫలమైనచో 2007 చట్టము సెక్షన్ 23 క్రింద ఈ దస్తావేజు రద్దు చేయించు హక్కు నాకు కలదు.’ ‘చక్కగా చూచుకొనవలెను’ లాంటి మాటలు వద్దు. తిండి, మందులు, ఉండే గది అని విడివిడిగా రాయించండి. నెలకు ఇంత మొత్తం అని పెడితే మరీ మంచిది.

రెండో షరతు జీవితకాల అనుభవ హక్కు. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు ‘నా జీవితకాలము’ అని మాత్రమే రాయడం. ఇల్లు నాన్న పేర ఉంటే, ఆయన పోయాక అమ్మ ఏ హక్కూ లేకుండా మిగులుతుంది. పైగా సెక్షన్ 23 కింద అడగవలసింది ఆస్తి రాసినవారు. అమ్మ రాయలేదు కదా. కాబట్టి ‘నేను, నా భార్య ఇరువురము మా జీవితకాలము ఆ ఇంట నివసించుటకు, అద్దె వచ్చిన అనుభవించుటకు హక్కు కలదు’ అని ఆమె పేరుతో సహా రాయించండి. ఇంకో మెలిక: హక్కు నేటి నుంచే పిల్లలకు సంక్రమించిందని, అనుభవం మాత్రం తల్లిదండ్రుల అనంతరమని స్పష్టంగా ఉండాలి. అంతా ‘మా అనంతరము’ అనే ఉంటే దాన్ని వీలునామాగా చదివే వీలుంది.

సంతకాల రోజు అమ్మానాన్నలకు మతిస్థిమితం ఉందని అదే తేదీతో డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి. పెద్దవాళ్ళు మంచం మీద ఉంటే ప్రైవేట్ అటెండెన్స్‌కు దరఖాస్తు పెడితే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వస్తారు. చదవలేనివారికి పూర్తిగా చదివి వినిపించి, వినిపించినట్టు చివర రాయించండి. అసలు దస్తావేజు తల్లిదండ్రుల దగ్గరే ఉంచండి.

ఇప్పటికే షరతు లేకుండా రాసేశారా? పిల్లలు ఒప్పుకుంటే జీవితకాల హక్కును, పోషణ షరతును ఒప్పుకుంటూ మరో దస్తావేజు రిజిస్టర్ చేయించవచ్చు. దాని ముసాయిదా మాత్రం ఆస్తి వ్యవహారాలు చూసే లాయరు చేతే రాయించండి.

పిల్లలు చూడటం మానేస్తే వెళ్ళవలసింది ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు. దస్తావేజు నకలు, ఆధార్, మందుల బిల్లులు, సొంత డబ్బుతోనే నెట్టుకొస్తున్నట్టు చూపే పాస్‌బుక్ జతచేసి తెల్ల కాగితం మీద అర్జీ ఇవ్వాలి. లాయరు లేకుండానే వెళ్ళవచ్చు. అర్జీలో రెండు కోర్కెలు విడిగా అడగండి: దస్తావేజు రద్దు, నెలవారీ పోషణ. 2007 చట్టంలో పోషణకు పరిమితి నెలకు 10,000 రూపాయలు. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు చేసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు 14567 వయోవృద్ధుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

ఈ వారం అభ్యాసం: మీ ఇంటి దస్తావేజులో ‘షరతు’, ‘జీవితకాలము’ అనే మాటలు ఎక్కడున్నాయో గీత గీయండి. అక్కడ అమ్మ పేరు ఉందో లేదో చూడండి. 4వ పాఠం జీపీఏ (మన తరఫున వ్యవహారాలు చూడటానికి మరొకరికి రాసిచ్చే అధికారపత్రం) గురించి: తల్లికో తండ్రికో మతి తప్పాక అది ఎందుకు పనిచేయదు, ముందే ఏం చేసి పెట్టుకోవాలి.