చేతి గాయాల తొలి పరీక్ష – నాలుగో పాఠం: వేలిని ముడిచే టెండన్లు

గడిచిన మూడు పాఠాలలో గాయపడిన చేతిని ముట్టుకోకముందే కంటితో పరిశీలించడం, వేలి కొనలో రక్తప్రసరణ చూడడం, మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే వేలికి రెండు పక్కలా స్పర్శ పరీక్షించడం నేర్చుకున్నాం. ఇప్పుడు వేలిని ముడిచే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాళ్లు, తెగాయో లేదో తేల్చుకోవడం నేర్చుకుందాం. కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపు పల్లెలలోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేసే యువ వైద్యులను, స్టాఫ్ నర్సులను, ఫిజియోథెరపిస్టులను ఉద్దేశించి రాస్తున్న ఈ పాఠాలలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చర్మం మీద చిన్న గాటు మాత్రమే కనిపించేటప్పుడు ఎంత జాగ్రత్తపరుడి కన్నయినా తేలిగ్గా కప్పేది టెండన్ గాయం. దీనికి పరికరాలేవీ అక్కరలేదు. మంచి వెలుతురు, మీ రెండు చేతులు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందుగా గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు సమాధానం. మాటలు రాని పసిబిడ్డ వేలిలో స్పర్శ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలని అడిగాను. నరం తెగిన మేరకు చెమట పట్టడం ఆగిపోతుంది కాబట్టి అక్కడి చర్మం పొడిగా, నున్నగా ఉంటుంది. ప్లాస్టిక్ పెన్నును వేలి పక్కన మెల్లగా ఆనించి జరిపితే బాగున్న వేలి మీద అది కొద్దిగా పట్టుకుంటూ కదులుతుంది, నరం తెగిన వేలి మీద జారిపోతుంది. గాయం మానిన తరువాత వచ్చిన బిడ్డయితే చేతిని కాసేపు గోరువెచ్చని నీళ్లలో నాననివ్వండి. నరం తెగిన వేలి కొన ముడతలు పడదు.

ఇక ఈనాటి పాఠానికి వద్దాం. మీ ఎడమ చేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టండి. గోరుకు దగ్గరి కీలును చివరి కీలు అనీ, దాని వెనకదాన్ని మధ్య కీలు అనీ, వేలు అరచేతితో కలిసేచోటును మొదటి కీలు అనీ అనుకుందాం. బొటనవేలు మినహా ప్రతి వేలికీ ముడిచే టెండన్లు రెండేసి ఉంటాయి. చర్మానికి దగ్గరగా ఉండేది సూపర్‌ఫిషియాలిస్. అది వేలి మధ్య ఎముకకు అతుక్కుని మధ్య కీలును ముడుస్తుంది. దాని అడుగున ఉండేది ప్రొఫండస్. వేలి మొదట్లో పై టెండన్ రెండు పాయలుగా చీలితే, ఆ చీలిక నడుమ నుంచి ఇది బయటికి వచ్చి గోరు కింది ఎముకకు అతుక్కుంటుంది. చివరి కీలును ముడవగలిగింది ప్రొఫండస్ ఒక్కటే. అయితే అది మధ్య కీలును దాటి వెళుతుంది కాబట్టి దాన్ని కూడా ముడుస్తుంది. పరీక్షలోని చిక్కంతా ఇక్కడే ఉంది: సూపర్‌ఫిషియాలిస్ పూర్తిగా తెగిపోయినా ప్రొఫండస్ ఒక్కటే వేలిని మొత్తంగా ముడవగలదు. అంతేకాక, రెండూ తెగిపోయినా అరచేతిలోని చిన్న కండరాలు మొదటి కీలును ముడుస్తూనే ఉంటాయి. కాబట్టి రోగిని గుప్పిట మూయమని అడిగి, వేలు కదిలిందని చూసి, కుట్లు వేసి ఇంటికి పంపడం పరీక్ష కాదు. ప్రతి వేలినీ, ప్రతి టెండన్‌నూ విడివిడిగా పరీక్షించి తీరాలి.

ప్రొఫండస్ పరీక్ష తేలిక. మీ ఎడమ మధ్య వేలి నడిమి ఎముకను కుడిచేతి బొటనవేలు, చూపుడు వేళ్లతో రెండు వైపులా పట్టి మధ్య కీలు కదలకుండా ఆపండి. ఇప్పుడు చివరి కీలు ఒక్కదాన్నే ముడవండి. ముడుచుకుంటే ప్రొఫండస్ పనిచేస్తున్నట్టు. బొటనవేలికి పొడవాటి ముడిచే టెండన్ ఒకటే కాబట్టి దాని మొదటి ఎముకను పట్టుకుని కొనను ముడవమంటే సరిపోతుంది.

సూపర్‌ఫిషియాలిస్ పరీక్షలో ప్రొఫండస్ సాయానికి రాకుండా కట్టడి చేయాలి. మధ్య, ఉంగరపు, చిటికెన వేళ్ల ప్రొఫండస్ టెండన్లు దాదాపుగా ఒకే కండరం నుంచి వస్తాయి. వాటిలో ఒకదాన్ని చాచి పట్టుకుంటే తక్కినవి కూడా లాగలేవు. సూపర్‌ఫిషియాలిస్‌కు మాత్రం వేలికొక విడి కండర భాగం ఉంటుంది. కాబట్టి పరీక్షించదలచిన వేలిని వదిలి, మిగిలిన మూడింటినీ నిటారుగా బల్లకు నొక్కి పట్టి, వదిలిన వేలిని ముడవమని చెప్పండి. మధ్య కీలు ముడుచుకుని, చివరి కీలు పట్టు లేకుండా వాలి ఉంటే సూపర్‌ఫిషియాలిస్ బాగున్నట్టు. మీ చేతి మీదే చేసుకుని, ముడిచిన వేలి కొనను రెండో చేతితో కదిపి చూడండి. అది ఎంత వదులుగా ఊగుతుందో ఒకసారి అనుభవానికి వస్తే రోగి చేతిలో పొరబాటు పడరు.

ఈ పరీక్షకు రెండు మినహాయింపులు ఉన్నాయి. చూపుడు వేలి ప్రొఫండస్‌కు చాలామందిలో సొంత కండర భాగం ఉంటుంది కనుక, మిగిలిన వేళ్లను పట్టుకున్నా అది స్వతంత్రంగా లాగి మనల్ని తప్పుదారి పట్టించగలదు. అక్కడ వేరే ఉపాయం వాడాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక కాగితం ఉంచి, వేళ్ల మెత్తలు ఆనేటట్టు గట్టిగా నొక్కమనండి. సూపర్‌ఫిషియాలిస్ ఉంటే చూపుడు వేలి మధ్య కీలు ముడుచుకుని, చివరి కీలు వెనక్కి వంగినట్టుగా నిలుస్తుంది. లేకపోతే చివరి కీలు ముడుచుకుపోయి వేలి మొనతో నొక్కుతారు. ఇక చిటికెన వేలి సూపర్‌ఫిషియాలిస్ కొందరిలో పుట్టుకతోనే ఉండదు, లేదా ఉంగరపు వేలి టెండన్‌తో కలిసి ఉంటుంది. అందువల్ల చిటికెన వేలు ఒంటరిగా ముడుచుకోకపోతే ఉంగరపు వేలిని కూడా వదిలి మళ్లీ చూడండి, గాయంలేని చేతి చిటికెన వేలితో తప్పక పోల్చండి.

నొప్పితో, భయంతో చెయ్యి కదపనివ్వనివారు, పిల్లలు, స్పృహ లేనివారు వచ్చినప్పుడు చెయ్యే మనకు సాక్ష్యం చెబుతుంది. వెల్లకిలా వదిలిన చేతిలో వేళ్లు చూపుడు వేలి నుంచి చిటికెన వేలి వైపుకు క్రమంగా ఎక్కువ ముడుచుకుని ఉంటాయి. ఆ వరసలో ఒక వేలు మాత్రం నిటారుగా పడి ఉంటే, చర్మం మీద గాయం ఎంత చిన్నదైనా, రెండు టెండన్లూ తెగాయనే అనుమానించాలి. తరువాత మణికట్టును మీరే మెల్లగా వెనక్కి వంచండి. వేళ్లు వాటంతట అవే ముడుచుకోవాలి. మణికట్టును ముందుకు వాలిస్తే అవి తెరుచుకోవాలి. ముంజేతి నడుమ లోపలి కండరాలను అదిమినా వేళ్లు కొద్దిగా ముడుచుకుంటాయి. ఏ వేలు ఈ కదలికల్లో పాలుపంచుకోదో దాని టెండన్ తెగి ఉంటుంది.

టెండన్ సగం తెగిన సందర్భం ఇంకా కష్టమైనది. కదలికలన్నీ మామూలుగానే ఉంటాయి. కానీ మీ వేలితో కొద్దిగా ఎదురు నొక్కుతూ ముడవమంటే నొప్పి వస్తుంది, లేదా పట్టు తగ్గుతుంది. అలాంటి వేలిని అనుమానంతోనే పంపండి. సగం తెగిన టెండన్ తరువాత పూర్తిగా తెగిపోవచ్చు.

గాయంలోకి తొంగి చూస్తే టెండన్ తెల్లగా, చెక్కుచెదరకుండా కనిపించిందని నిశ్చింత పడకూడదు. వరి కోతలో ఎడమచేయి దుబ్బును బిగించి పట్టి ఉంటుంది. బొండాం కొట్టేటప్పుడూ వేళ్లు కాయ చుట్టూ ముడుచుకునే ఉంటాయి. ముడిచిన వేలి మీద కత్తి పడితే టెండన్ తెగిన చోటు, వేలు చాపగానే చర్మపు గాయానికి ముందుకు, వేలి కొన వైపుకు జరిగిపోతుంది. మీకు గాయంలో కనిపించేది తెగని భాగం కావచ్చు. అందుకే దెబ్బ తగిలినప్పుడు వేళ్లు ముడిచి ఉన్నాయా, చాచి ఉన్నాయా అని అడిగి రాసుకోండి. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో ఈ ఒక్క ప్రశ్న శస్త్రచికిత్సకుడి పనిని ఎంతో తేలిక చేస్తుంది.

గాయం ఎక్కడుందో చెప్పడానికి చేతి శస్త్రచికిత్సకులు అరచేతి వైపును అయిదు మండలాలుగా విభజిస్తారు. సూపర్‌ఫిషియాలిస్ అతుక్కునే చోటు నుంచి వేలి కొన వరకు మొదటి మండలం. అక్కడ ఉండేది ప్రొఫండస్ ఒక్కటే. అక్కడి నుంచి వెనక్కి, అరచేతిలో వేళ్లకు దగ్గరగా ఉన్న అడ్డగీత వరకు రెండోది. అరచేయి మూడోది, మణికట్టు సొరంగం నాలుగోది, దానికి వెనక ముంజేయి అయిదోది. నాలుగో మండలంలో తొమ్మిది టెండన్లూ మీడియన్ నరమూ ఇరుకు దారిలో కలిసి వెళతాయి కాబట్టి అక్కడి గాయంలో చేతిని మొత్తంగా పరీక్షించాలి.

రెండో మండలానికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది. అక్కడ రెండు టెండన్లూ ఒకే ఇరుకు తొడుగులో కదులుతాయి. కుట్టిన టెండన్ చుట్టూ అతుక్కుపోయి వేలు బిగుసుకుపోయేది. 1946లో ఏర్పడిన అమెరికా చేతి శస్త్రచికిత్సకుల సంఘానికి తొలి అధ్యక్షుడైన స్టెర్లింగ్ బన్నెల్ దీన్ని ఎవరికీ చెందని నేల అని పిలిచి, అక్కడ వెంటనే కుట్టవద్దనీ, చర్మం మూసి తరువాత వేరేచోటి టెండన్ తెచ్చి అమర్చాలనీ బోధించాడు. స్విట్జర్లాండ్‌లో క్లోడ్ వెర్డాన్, అమెరికాలో హెరాల్డ్ క్లైనర్ట్ ఆ అభిప్రాయాన్ని మార్చారు. ఆ మండలంలోనే వెంటనే కుట్టి, తొందరగా నియంత్రిత కదలికలు మొదలుపెడితే మంచి ఫలితాలు వస్తాయని 1967లో క్లైనర్ట్ బృందం ప్రచురించింది. జాతీయ సంఘాలన్నిటినీ కలిపే అంతర్జాతీయ సమాఖ్య 1966లో ఏర్పడింది. ఇటువంటి సంఘాలు సభ్యులకు అందించే పాఠాల వల్ల మండలాల పరిభాష అందరికీ ఒకటైంది. రాజోలు నుంచి వెళ్లిన చీటీలో ‘ఎడమ ఉంగరపు వేలు, రెండో మండలం, రెండు టెండన్లూ లేవు, బొటనవేలి వైపు స్పర్శ లేదు, కొన ఎర్రగా ఉంది’ అని ఉంటే, అది చదివిన ఏ శస్త్రచికిత్సకుడికైనా రోగి రాకముందే సగం విషయం తెలిసిపోతుంది.

మొదటి వారంలో, ఆలస్యమైనా రెండు వారాల లోపు కుట్టగలిగితే పని తేలిక. మూడు వారాలు దాటితే కండరం కురచబడి, టెండన్ కొన అరచేతిలోకి ముడుచుకుపోయి, కొందరికి నెలల ఎడంతో రెండు శస్త్రచికిత్సలు అవసరమవుతాయి. గోదావరి వరదలో లంకల నుంచి పంటు దాటడానికే ఇబ్బంది పడే కుటుంబానికి ఆ రెండో శస్త్రచికిత్స ఎంత భారమో ఇక్కడ పనిచేసేవారికి తెలుసు. అందుకే అనుమానం ఉన్నరోజే పంపండి. గాయాన్ని ధారాళంగా కడిగి, చర్మాన్ని వదులుగా కుట్టి, ధనుర్వాతం టీకా ఇచ్చి, మణికట్టు కొద్దిగా ముందుకు వాలి వేళ్లు ముడిచి ఉండేటట్టు చేతి వెనకవైపు బద్ద వేసి, చేతిని గుండెకన్నా ఎత్తుగా ఉంచి పంపితే చాలు. రక్తం కారుతోందని గాయంలో గుడ్డిగా క్లాంపులు (రక్తనాళాన్ని బిగించే పట్టకార్లు) వేయకండి. పక్కనే వెళ్లే నరం నలిగిపోతుంది. గట్టిగా ఒత్తి పట్టి, చెయ్యి ఎత్తితే ఎక్కువసార్లు ఆగుతుంది.

అభ్యాసం: వచ్చే పాఠం లోపు గాయం లేని పదిమంది చేతుల మీద రెండు పరీక్షలూ చేసి, ఎందరిలో చిటికెన వేలు ఒంటరిగా ముడుచుకోలేదో రాసి ఉంచండి. తరువాత ఈ సమస్య ఆలోచించండి. కోతలో కొడవలి తగిలి ఒక మహిళ వచ్చారు. ఎడమ చిటికెన వేలి మొదట్లో, అరచేతి వైపు గాటు ఉంది. దెబ్బ తగిలినప్పుడు చేతిలో దుబ్బు ఉందని చెప్పారు. గుప్పిట మూస్తే చిటికెన వేలు కొంతవరకు వస్తోంది, కానీ నడిమి ఎముకను పట్టుకుంటే చివరి కీలు ముడుచుకోవడం లేదు. వేలి బయటి పక్క స్పర్శ లేదు, కొన ఎర్రగా ఉంది. ఇది ఏ మండలం? ఏయే టెండన్లు తెగి ఉండవచ్చు, ఇంకా ఏ పరీక్ష చేయాలి, తెగిన చోటు గాటుకు ఏ వైపు ఉంటుంది? సమాధానం అయిదో పాఠం మొదట్లో ఇస్తాను. పూర్తిగా తెగి పడిన వేలిని ఎలా భద్రపరచి పంపాలో ఆ పాఠంలో నేర్చుకుందాం.