కౌన్సిలింగ్‌కి ఫీజు కట్టే ముందు పది నిమిషాల ఫోన్

మా తమ్ముడికి నిద్ర పట్టక, టెన్షన్ ఎక్కువై కౌన్సిలింగ్ కోసం కర్నూలులో తిరిగినప్పుడు, వెళ్లిన ప్రతిచోటా ఫీజు కట్టి అదే కథ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. రెండు చోట్ల వాడికి కుదరలేదు. పాపం, చెప్పి చెప్పి అలసిపోయాడు.

తర్వాత ఇలా చేశాం. ముందు ఒక తెల్ల కాగితం మీద అర పేజీ రాయించాను: ఇబ్బంది ఏమిటి, ఎన్నాళ్ల నుంచి, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నాడు, తనకు ఏం కావాలి. ఆ కాగితం పట్టుకుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాడు. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మందులు కావాలా, మాటలతో సరిపోతుందా అన్నది అక్కడే కొంత తేలింది. మందులు రాసేది సైకియాట్రిస్టు, సైకాలజిస్టు రాయరు. ఈ తేడా తెలియకే మేం సగం తిరిగాం. మందులు అవసరమైతే మన కర్నూలు ప్రభుత్వ పెద్దాసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది.

ప్రైవేటుగా వెళ్లేటట్లయితే ఫోన్‌లోనే అడగండి: ఇలాంటి సమస్య చూశారా, ఒక సిట్టింగ్ ఎంతసేపు, ఫీజు ఎంత, చెప్పింది ఇంట్లోవాళ్లకు చెబుతారా? క్లినికల్ సైకాలజిస్టు అంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగండి, మొహమాటం వద్దు. రెండు మూడు సిట్టింగులు చూసి, మనసు విప్పలేకపోతే మార్చేయండి.

చనిపోవాలన్న మాట వస్తే మాత్రం ఈ వెతుకులాట పనికిరాదు. మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.