మార్చి నెలలో పిల్లలకు అమెరికా మహిళల చరిత్ర చెప్పడం ఎలా?

అమెరికాలో మార్చి మహిళా చరిత్ర మాసం. 1978లో కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో వారం రోజుల వేడుకగా మొదలైంది. 1987 నుంచి నెలంతా జరుపుతున్నారు. ఇక్కడ పెరుగుతున్న మన తెలుగు పిల్లలు బడిలో పోస్టర్ అతికించి వచ్చేస్తారు. అంతటితో వదిలేయకండి. ఒక ఆదివారం సాయంత్రం, ఇంట్లో ఒక గంట చాలు.

1. ఒక్క సంఘటననే ఎంచుకోండి. పదిమంది పేర్లు చదివి వినిపిస్తే పిల్లలకు ఒక్కటీ గుర్తుండదు. నేనైతే ఆడవాళ్ల ఓటు హక్కు కథ చెబుతాను.

2. తేదీలు తక్కువగా, కథ ఎక్కువగా చెప్పండి. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన సూసన్ బి. ఆంథోనీ, ఆ హక్కు ఇంకా లేని రోజుల్లో, 1872లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఓటు వేసినందుకు ఆమెను అరెస్టు చేశారు. 100 డాలర్ల జరిమానా వేస్తే కట్టనంది, చివరిదాకా కట్టలేదు. 1906లో ఆమె పోయేనాటికి కూడా దేశమంతటా ఆ హక్కు రాలేదు. ఆ హక్కు ఇచ్చే రాజ్యాంగ సవరణకు 1920 నాటికి 35 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, ఇంకొక్కటి కావాలి. ఆగస్టు 18న టెన్నెసీ శాసనసభలో 24 ఏళ్ల హ్యారీ బర్న్ కోటుకు ఎర్ర గులాబీ పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్ర గులాబీ అంటే వ్యతిరేకమని గుర్తు. కానీ జేబులో వాళ్లమ్మ ఫెబ్ రాసిన ఉత్తరం ఉంది, ఆడవాళ్ల ఓటుకు మద్దతివ్వమని. తన వంతు రాగానే "సరే" అన్నాడు. ఇక్కడ కాసేపు ఆగండి. ప్రశ్నలు పిల్లలే అడుగుతారు.

3. మిగతా సగం దాచకండి. ఆ సవరణ వచ్చాక కూడా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి మహిళల్లో చాలామందిని పన్నులు, పరీక్షల పేరుతో ఓటుకు దూరంగా ఉంచారు. 1965 ఓటు హక్కుల చట్టం వచ్చాకే ఆ అడ్డంకులు చాలావరకు తొలగాయి. భారతీయులకైతే 1923 నుంచి 1946 దాకా అమెరికా పౌరసత్వం తీసుకునే వీలే లేదు. పిల్లలకు ఇది తప్పక తెలియాలి.

4. మన ఊళ్లకు ముడిపెట్టండి. డాక్టర్ అన్నా కుగ్లర్ పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివి 1883లో గుంటూరు వచ్చారు. అక్కడే ఆసుపత్రి కట్టించి, 1930లో అక్కడే కన్నుమూశారు. కుగ్లర్ ఆసుపత్రి పేరు గుంటూరు వాళ్లకు కొత్త కాదు. మన దేశం నుంచి వెళ్లిన ఆనందీబాయి జోషీ 1886లో డాక్టర్ పట్టా పొందిందీ ఆ కళాశాల నుంచే. తరగతిలో పిల్లలు చెప్పడానికి ఇంతకంటే మంచి విషయం నాకు తోచదు.

5. చివరగా అమ్మమ్మకో నానమ్మకో వీడియో కాల్ చేయించండి. అమెరికాలో ఆదివారం రాత్రి అవుతుంటే ఇండియాలో సోమవారం పొద్దున, కాఫీ టైం. "మొదటిసారి ఓటు ఎప్పుడు వేశావు? ఎవరితో వెళ్లావు?" అని పిల్లలనే అడగమనండి. ఫోన్‌లో రికార్డ్ చేసి దాచుకోండి.