కన్ఫ్యూషియస్, లావోజు, హాన్ ఫే కలగాపులగం కాకుండా

ప్రాచీన చైనా పాఠం చెప్పిన వారానికే పిల్లలు ఆనాటి తాత్వికుల్లో కన్ఫ్యూషియస్ మాటల్ని లావోజు ఖాతాలో వేస్తుంటారు. పేర్లు, తేదీలు బట్టీ పట్టించే బదులు ఒక దొంగతనం కేసు ఇచ్చి చూడండి.

బోర్డు మీద ఇంతే రాయండి: ‘తండ్రి గొర్రెను దొంగిలించాడు. కొడుకు సాక్ష్యం చెప్పాలా?’ 3 నిమిషాలు ఎవరితో మాట్లాడకుండా జవాబు రాయమనండి. తర్వాత ముగ్గురు తాత్వికుల జవాబులు రాసిన ఈ 3 చీటీలు ఒక్కొక్కటిగా చదివించండి.

కన్ఫ్యూషియస్: తండ్రి తప్పును కొడుకు, కొడుకు తప్పును తండ్రి దాస్తారు, నిజాయితీ అందులోనే ఉంది. (కన్ఫ్యూషియస్ మాటల సంకలనం ‘ఎనలెక్ట్స్’ 13వ అధ్యాయంలోని కేసే ఇది.)

హాన్ ఫే (చట్టానికే పెద్దపీట వేసినవాడు): తండ్రి మీద ఫిర్యాదు చేసిన కొడుకునే మంత్రి చంపించాడు, ఆ తర్వాత చూ రాజ్యంలో నేరాల కబురు పైకి చేరడం మానేసింది. ఇంటి ప్రేమకు, రాజ్య చట్టానికి పొసగదు.

లావోజు: చట్టాలు పెరిగేకొద్దీ దొంగలూ పెరుగుతారు.

ఇప్పుడు ఎవరి జవాబు ఎవరికి దగ్గరో పిల్లలనే చెప్పమనండి. క్లాసులో గోల తప్పదు, కాసేపు కానివ్వండి. మొత్తం 20 నిమిషాల పని.

జపాన్ సంప్రదాయ మతమైన షింటోకి మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. దానికి స్థాపకుడు లేడు, సిద్ధాంతం కన్నా ఆచారమే ముఖ్యం. అందుకని జపాన్ మందిరంలో దండం పెట్టే పద్ధతినే చేయించండి: రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగడం.