పాత కారు ఛార్జింగ్, 4వ పాఠం: డైనమో మంచిదే, బ్యాటరీ మాత్రం నిండదు

ఈసారి నేరుగా కంట్రోల్ బాక్సు (డైనమో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్, డైనమోని బ్యాటరీకి కలిపే స్విచ్ లాంటి కటౌట్ ఉండే పెట్టె) మూత తీద్దామనుకున్నాను. మీ ఉత్తరాలు చూశాక ముందు పోయిన పాఠానికే మరమ్మతు చేయాల్సి వచ్చింది.

డైనమో (బ్యాటరీని నింపే కరెంటు పుట్టించేది) మీది డి (కరెంటు బయటికొచ్చేది), ఎఫ్ (లోపలి అయస్కాంతపు కాయిల్, అంటే ఫీల్డుది) వైర్లు రెండూ పీకేసి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న వైరుముక్కతో కలిపి, అక్కణ్ణుంచి బాడీకి మీటరు పెట్టి ఇంజన్ని మెల్లగా రేజ్ చేయమన్నాను. 20 వోల్టులు రాగానే కాలు తీసేయమని చెప్పలేదు. అది వేరే చెప్పాలా అనుకున్నాను, తప్పు నాదే. డి, ఎఫ్ కలిపాక అడ్డుకునే రెగ్యులేటర్ లేదు. వోల్టేజీ పెరిగితే ఫీల్డు బలపడుతుంది, ఫీల్డు బలపడితే వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. ఒకాయన "ఎంత దాకా పోతుందో చూద్దామని" తొక్కుతూ కూర్చున్నారట, వార్నిష్ కాలిన వాసన వచ్చేదాకా. ఇంజన్ వెయ్యి ఆర్పీఎం చుట్టుపక్కల ఉంటే చాలు. ముల్లు తడబడకుండా చకచకా లేస్తే డైనమో మంచిదే, పరీక్ష అక్కడితో అయిపోయింది.

ఇంకొకరు వేరేచోట చదివింది గుర్తుపెట్టుకుని ఎఫ్‌ని ఎర్త్ చేశారు, అంటే బాడీకి కలిపారు, మీటరు వోల్టు కూడా దాటలేదు, డైనమో చచ్చిపోయిందని తేల్చేశారు. డైనమో లక్షణంగా ఉంది. ఆయన చదివిందీ తప్పు కాదు, అది వేరే రకం డైనమోకి సంబంధించింది. డైనమోలు రెండు రకాలు. లూకాస్ పద్ధతిలో ఫీల్డు కాయిల్ ఒక కొస లోపలే బాడీకి కలిసి ఉంటుంది, రెండో కొసకి రెగ్యులేటర్ కరెంటు ఇస్తుంది. డెల్కో-రెమీ పద్ధతిలో ఒక కొస లోపల లైవ్ బ్రష్‌కి (తిరిగే ఆర్మేచర్ నుంచి కరెంటు అందుకుని డికి ఇచ్చే కార్బన్ ముక్కకి) కలిసి ఉంటుంది, రెండో కొసకి రెగ్యులేటర్ ఎర్త్ ఇస్తుంది. రెండో రకంలో ఎఫ్‌ని ఎర్త్ చేస్తే డైనమో పూర్తి బలంతో లేస్తుంది. మొదటి రకంలో అదే పని చేస్తే ఫీల్డు చచ్చిపోతుంది. బాక్సు వైరు ఇంకా తగిలించి ఉండగా చేశారంటే రెగ్యులేటర్ పాయింట్లు కూడా కాలతాయి.

మీది ఏ రకమో తెలియాలంటే వైర్లు పీకి, లైవ్ బ్రష్‌ని పైకెత్తి, ఓమ్స్‌లో చూడండి. ఎఫ్‌కీ బాడీకీ మధ్య 6 ఓములకి దగ్గరగా వస్తే లూకాస్ తీరు. బాడీకి ఏమీ రాకుండా డికి వస్తే రెండో తీరు. బ్రష్ ఎత్తకుండా చూశారా, ఆర్మేచర్ గుండా తిరిగొచ్చి రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి. ఇకపై నేను చెప్పేదంతా 12 వోల్టుల లూకాస్ తీరు గురించే.

మీటరు మైనస్ చూపిస్తోందని కంగారుపడినవారికి: మీది పాజిటివ్ ఎర్త్ బండి, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉన్నది. వైర్లు తిప్పి పెట్టండి, అంతే.

ఒక వోల్టు దగ్గరే ఆగిపోయినవాళ్లు ఫీల్డు కాయిల్స్ అప్పుడే కొనకండి. ఆ కాస్త వోల్టేజీ ఇనుములో మిగిలిన అయస్కాంతంది, ఫీల్డులో కరెంటు పారడం లేదని దానర్థం. కారణం కాయిలే కావచ్చు, ఊడిన కొస కూడా కావచ్చు, ఓమ్స్ చూస్తే తెలుస్తుంది. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్‌ని అనుమానించండి. అసలేమీ రాకపోతే ముందు బ్రష్షులు చూడండి.

నా పద్ధతి వేరే ఉంది, మీటరు కూడా అక్కర్లేదు. డి, ఎఫ్ కలిపినచోట నుంచి బాడీకి 21 వాట్ల బ్రేక్‌లైటు బల్బు పెడతాను. తెల్లగా వెలిగిందా, కాలు తీసేస్తాను. ఇంకా తొక్కితే బల్బే మాడి మందలిస్తుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి, "ఆగలేదు కదా, ఛార్జింగ్ బాగుంది" అనడం. ఈ నెల ఉత్తరాల్లో ముగ్గురు ఇదే చేశామని రాశారు. స్లోలో (ఐడ్లింగ్‌లో) డైనమో కటౌట్ మూసుకునేంత వోల్టేజీ కూడా ఇవ్వదు. అప్పుడు కేబుల్ పీకితే మంచి డైనమో ఉన్న బండి కూడా ఆగిపోతుంది. పోనీ రేజ్ చేసి పీకారనుకోండి. రెగ్యులేటర్ పాయింట్లు అతుక్కుపోయి 18 వోల్టులు తోస్తున్న బండి హుందాగా నడుస్తూనే ఉంటుంది, హెడ్‌లైట్లు వేసి ఉంటే అవి మాడిపోతాయి. అంటే మంచిదాన్ని చెడ్డదంటుంది, చెడ్డదాన్ని మంచిదంటుంది. ఇంజన్ ఆగకపోతే తెలిసేది ఒక్కటే, ఇగ్నిషన్ కాయిల్‌కి సరిపడా కరెంటు వస్తోందని. బ్యాటరీ నింపడానికి అది చాలుతుందో లేదో తెలియదు. ఇదంతా డైనమో సంగతి. తరవాత ఎవరో ఆల్టర్నేటర్ బిగించిన బండి అయితే కేబుల్ పీకిన క్షణంలో లేచే వోల్టేజీకి డయోడ్లు పోతాయి. పరీక్ష చేయబోయి రోగం తెచ్చుకున్నట్టు. పీకొద్దు. స్లోలోనూ వద్దు, రేజ్‌లోనూ వద్దు, "ఒక్క సెకనే" అని కూడా వద్దు.

సరే, డైనమో మంచిదని తేలింది. బ్యాటరీ రాత్రంతా విశ్రాంతిగా ఉన్నాక 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. బెల్టు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఎర్ర దీపాన్ని చదవడం నేర్చుకోండి. దాని ఒక కొస ఇగ్నిషన్ స్విచ్‌కి, రెండో కొస డికి. రెండువైపులా వోల్టేజీ సమానమైతే ఆరిపోతుంది. కాబట్టి ఆరిన దీపం బ్యాటరీ నిండుతోందని చెప్పదు. తాళం తిప్పినప్పుడు వెలగకపోతే ముందు బల్బు చూడండి. డైనమో బండిలో బల్బు పోయినా ఛార్జింగ్ ఆగదు. రేజ్ చేసేకొద్దీ దీపం మసకగా వెలుగుతూ పెరుగుతుంటే డైనమో ఇస్తోంది, దారిలో ఏదో అడ్డుకుంటోంది. నా అనుభవంలో పదికి ఎనిమిదిసార్లు అది కటౌట్ పాయింట్ల మసి.

ఇప్పుడు బాక్సు. దాని మీది ఏ (బ్యాటరీకి వెళ్లేది), ఏ1 (ఇగ్నిషన్ వైపు వెళ్లేది) వైర్లు పీకి ఆ రెంటినీ ఒకదానికొకటి కలపండి. కలపకపోతే ఇగ్నిషన్ ఉండదు. బ్యాటరీ లైవ్ అది, బాడీకి తగలకుండా టేపు చుట్టండి. మీటరు డికీ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య. ముల్లు మీటరైతే మంచిది, రెగ్యులేటర్ పాయింట్లు టకటకలాడుతుంటే డిజిటల్ అంకెలు గెంతుతాయి. మెల్లగా రేజ్ చేస్తుంటే ముల్లు ఒక్కసారి వణికి నిలబడుతుంది. లూకాస్ ఆర్‌బీ106/2 రకం బాక్సు అయితే 20 డిగ్రీల దగ్గర 16.0 నుంచి 16.6 మధ్య నిలవాలి. ప్రతి 10 డిగ్రీల వేడికీ 0.1 తగ్గించుకోండి. 16 చూసి అదిరిపోయి స్క్రూ తిప్పేవారుంటారు. లోడు లేనప్పటి అంకె అది. బ్యాటరీ తగిలిస్తే తగ్గుతుంది. మొత్తం పని 30 సెకన్లలో ముగించండి. అంతకు మించితే రెగ్యులేటర్ కాయిల్ వేడెక్కి అబద్ధపు అంకె ఇస్తుంది.

ముల్లు నిలబడకుండా ఇంజన్‌తోపాటు ఎక్కిపోతూ ఉంటే స్క్రూ జోలికి పోకండి. ముందు బాక్సు ఎర్త్ వైరు చూడండి. ఎర్త్ లేని రెగ్యులేటర్‌కి వోల్టేజీ ఎంతో తెలియదు. కొత్త బాక్సు కొని బిగించి, అదే తుప్పు పట్టిన ఎర్త్ స్క్రూ మీద మళ్లీ మోసపోయినవాణ్ణి నేనే.

కటౌట్ 12.7 నుంచి 13.3 మధ్య మూసుకోవాలి. దాని పాయింట్లు సన్నని గాజు కాగితంతోనే రుద్దాలి, ఎమరీ వాడొద్దు. రెగ్యులేటర్ పాయింట్లకు కార్బొరండం రాయి పనికొస్తుంది. రెండింటికీ ఒకే ముక్క వాడే అలవాటు ఉంటే మానుకోండి.

సాధన. పదిహేను రోజుల టైము. బాగా నడుస్తున్న బండి మీద, చల్లగా ఉన్నప్పుడొకసారి, అరగంట నడిపాక ఒకసారి, బ్యాటరీ, డి, ఏ, బాక్సు ఎర్త్ అంకెలు రాసుకోండి. తరవాత పనితెలిసిన స్నేహితుణ్ణి పిలిచి, మీరు చూడకుండా, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఈ నాలుగింటిలో ఒకటి చేయమనండి: కటౌట్ పాయింట్ల మధ్య కాగితం ముక్క, ఎఫ్ వైరు పీకి టేపు చుట్టడం, బాక్సు ఎర్త్ వదులు చేయడం, దీపం బల్బు తీసేయడం. బాక్సు మూత తీయకుండా, ఐదు కొలతలకు మించకుండా, అదేమిటో చెప్పాలి. బాక్సు ఎర్త్ బాగుందని తేలేదాకా రేజ్ చేయకండి, వదులు ఎర్త్‌ని స్లోలోనే పట్టుకోవాలి. ఆరో కొలత తీసుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి.