అలల కింద ఇసుక ఎలా కదులుతుందో ఇంట్లోనే చూడటం ఎలా?

ఒడ్డు దగ్గర తక్కువ లోతులో అల వెళ్తుంటే అడుగున నీరు కొద్ది మేర ముందుకు పోయి, అంతే వెనక్కి వస్తుంది. ఆ ఊగులాటకే ఇసుక మీద వరసగా గట్లు లేస్తాయి. వచ్చినంతా తిరిగిపోయే నీరు ఇసుకను ఇలా ఎందుకు పేరుస్తుంది? 20వ శతాబ్దం మొదట్లో హెర్తా ఎయిర్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త తొట్టిలో నీళ్లు ఊపి ఈ సంగతి తేల్చారు. 1904లో లండన్ రాయల్ సొసైటీలో తన పరిశోధనా పత్రాన్ని తానే చదివి వినిపించారు. అంతకు ముందు అక్కడ ఏ మహిళా అలా చదవలేదు.

ఆ ప్రయోగం మనమూ చేయొచ్చు. సుమారు 60 సెం.మీ. పొడవున్న పారదర్శకమైన తొట్టి తీసుకోండి. వెడల్పు తక్కువైతే బరువు తగ్గుతుంది. దాన్ని ప్లైవుడ్ పలక మీద పెట్టి, పలక కింద గుండ్రటి పైపు ముక్కలు అడ్డంగా వేయండి. గాజు తొట్టి అయితే పెద్దవాళ్లే పట్టుకోవాలి.

ఇసుక విషయంలో మాత్రం ఓపిక పట్టాలి. పిండి జల్లెడలో జల్లించి, బకెట్‌లో నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. మట్టి మిగిలితే రేణువులు అతుక్కుంటాయి, లోపల ఏమీ కనిపించదు. కడిగిన ఇసుకను 3 సెం.మీ. మందాన పరిచి, స్కేలుతో చదును చేయండి. ఇసుక మీద చిన్న పళ్లెం పెట్టి, దాని మీదుగా మెల్లగా 10 సెం.మీ. ఎత్తు నీళ్లు పోయండి. తర్వాత పళ్లెం తీసేయండి.

ఇప్పుడు తొట్టిని కొంచెం కొంచెం అటూ ఇటూ జరపండి. ఇంత తొట్టిలో నీటి సహజమైన ఊపుకు సుమారు 1.2 సెకండ్లు పడుతుంది. మీ చెయ్యి ఆ లయలో పడితే రెండు చివర్లా నీరు 2 సెం.మీ. వరకూ లేస్తుంది. మధ్యలో నీటిమట్టం పెద్దగా మారదు గానీ అడుగున అటూ ఇటూ పరుగు ఎక్కువగా ఉండేది అక్కడే. చూపు అక్కడే ఉంచండి.

గట్లు రాకపోతే మధ్యలో వేలితో చిన్న గట్టు కట్టండి. నీరు దాన్ని దాటగానే వెనక సుడి తిరుగుతుంది, పల్లంలోని ఇసుకను గీకి గట్టు మీదికి ఎక్కిస్తుంది. నీరు దిశ మార్చిన క్షణాన ఆ సుడి పైకి లేచి, ఇసుక మేఘంతో సహా గట్టు దాటి అవతలికి పోతుంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి ఆ క్షణాన్నే పట్టుకోండి, అసలు పనంతా అప్పుడే జరుగుతుంది. కాసేపటికి ఆ ఒక్క గట్టుకి రెండు పక్కలా కొత్త గట్లు పుడతాయి.

పొటాషియం పర్మాంగనేట్ పలుకు ఒకటి వేసి, రంగు ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత దూరం ఊగుతోందో కొలవండి. గట్ల మధ్య దూరం దాదాపు అందులో మూడింట రెండు వంతులు ఉంటుంది.

సముద్రంలో ఊపు ఇంత సమానంగా ఉండదు. అల శిఖరం కింద నీరు ఒడ్డు వైపు తోసేది కొద్దిసేపే, కానీ బలంగా. వెనక్కి లాగేది నిదానం, కానీ ఎక్కువసేపు. అందుకే దొర్లే ముతక ఇసుక ఒడ్డు వైపు జరుగుతుంది. సన్న ఇసుక మాత్రం ఆ తోసే ఊపు చివర మేఘంలా లేచి, తిరుగు నీటితో లోపలికి పోవచ్చు. ఇలా లేచిన ఇసుకను ఎంత మెల్లని ప్రవాహమైనా తీరం వెంట మోసుకుపోగలదు. విశాఖలో ఉత్తరంగా సాగే ఇసుకకు పోర్టు గోడలు అడ్డుపడుతున్నాయి కాబట్టే, అక్కడ పేరుకున్నదాన్ని డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు.

ఈసారి బీచ్‌కి వెళ్తే నీరు తీసిన చోట గట్లను పక్కనుంచి చూడండి. రెండు వాలులూ సమానంగా ఉంటే అవి అలలు ఊపి కట్టినవి. ఒక వాలు నిటారుగా ఉంటే ప్రవాహం పని, నీరు ఆ నిటారు వైపుకే పారింది.