నోనా మాట్లాడే తాలియన్ నేర్చుకోవడం ఎలా?

దక్షిణ బ్రెజిల్‌లో కషియాస్ దో సుల్, బెంతో గోన్సాల్వెస్ వైపు 1875 నుంచి ఇటలీవాళ్లు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల మునిమనవళ్లు పూర్వీకుల భాష నేర్చుకుందామనుకోగానే నేరుగా ఇటాలియన్ కోర్సులో చేరిపోతారు. తీరా నోనా, అంటే నాయనమ్మో అమ్మమ్మో, మాట్లాడుతుంటే సగం అర్థం కాదు.

మీరూ ఆ కుటుంబాల్లోవాళ్లయితే ముందు ఇంట్లో ఏ భాష ఉందో తేల్చుకోండి. వలస వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇటలీ ఈశాన్యంలోని వెనెతో ప్రాంతం వాళ్లు, ఇటలీ ఒక రాజ్యంగా ఏర్పడిందే 1861లో, కాబట్టి వాళ్లు వెంట తెచ్చుకుంది బడి ఇటాలియన్ కాదు, ఊరి భాష. అది ఇక్కడ పక్క ప్రాంతాల యాసలతో, పోర్చుగీసు మాటలతో కలిసి తాలియన్ అయింది. నేర్చుకోవాల్సింది దాన్ని.

తర్వాత పెద్దవాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్లో రికార్డ్ చేయండి. "దీన్నేమంటారు, దాన్నేమంటారు" అని లిస్టు పట్టుకుని కూర్చుంటే పరీక్షలా ఉంటుంది, నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటారు. పొలెంతా (మొక్కజొన్న పిండి సంకటి) ఎలా వండేవాళ్లు, ద్రాక్ష కోతలకి ఎవరెవరు వచ్చేవాళ్లు, ఎవరితో ఎందుకు మాటల్లేవు, ఇలాంటివి అడగండి (చివరిదానికి జవాబు పొడుగ్గా వస్తుంది). విన్నదాంట్లో రోజుకి ఐదారు వాక్యాలు రాసుకుని, పైకి అనండి. మధ్యలో పోర్చుగీసు మాటలొస్తే తీసేయకండి, అవీ ఆ భాషలోవే.

మీరు తాలియన్‌లో అడిగినా వాళ్లు పోర్చుగీసులో జవాబిస్తే నొచ్చుకోవద్దు. బ్రెజిల్ అధ్యక్షుడు వర్గాస్ పాలనలో, 1930ల చివర్లో మొదలుపెట్టి రెండో ప్రపంచ యుద్ధం అయ్యేదాకా, విదేశీ భాషల్ని బళ్లలో, బయటా నిషేధించారు, ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకున్న రోజులవి, ఆ భయం పోయాక కూడా మొహమాటం మిగిలింది. "మాది వట్టి తప్పుల ఇటాలియన్" అని వాళ్లే అంటే, 2014లో బ్రెజిల్ వారసత్వ సంస్థ ఇఫాన్ దీన్ని దేశ సాంస్కృతిక సంపదగా గుర్తించిందనీ, సెరాఫినా కొర్రేయా ఊళ్లో ఇది అధికార భాష కూడా అనీ చెప్పండి. మీరు మాత్రం తాలియన్‌లోనే కొనసాగించండి.

ఇంట్లో పెద్దలెవరూ లేకపోతే స్థానిక రేడియోల్లో తాలియన్ కార్యక్రమాలు వస్తాయి, అవి వినండి.

పెళ్లి ద్వారా ఇటలీ పౌరసత్వం కావాలంటే కథ వేరు. 2018 చివరి నుంచి బి1 స్థాయి (మధ్యస్థ స్థాయి) ఇటాలియన్ సర్టిఫికెట్ అడుగుతున్నారు, అక్కడ తాలియన్ చెల్లదు. ఆ కోర్సు విడిగా చేసుకోండి.